వియ్యంకుడి ముంజేతి మీద ఏడుంపావు

కప్పు అందుకోవడానికి ఆ పెద్దమనిషి, అబ్బాయి తండ్రి, చెయ్యి చాచినప్పుడు చొక్కా చేతిమడత రెండు వేళ్ళ మేర వెనక్కి జరిగింది. అంతే, ఆ తర్వాత గదిలో ఎవరేం మాట్లాడారో గుండీల షావుకారుకి సగమే వినపడింది. ముందు ఆయన చూసింది గుండీనే. గుండీలు టోకున అమ్మి తల నెరిసిన మనిషికి ఎదుటివాడి మొహం కంటే ముందు చొక్కా కనపడుతుంది, అది ఆయన తప్పు కాదు. నాసిరకం ప్లాస్టిక్కు, నాలుగు కన్నాలు, అంచు అరిగింది, దారం రంగు కలవలేదు, ఇలాంటి గుండీ పెట్టుకున్న ఇంటికి పిల్లనివ్వడమా అని ఓ సందేహం లేవబోయి, పూర్తిగా లేవకముందే గుండీ కిందనుంచి వాచీ బయటపడింది, సందేహం ఎటు పోయిందో పోయింది. పల్చటి వాచీ, కీ ఇచ్చే రకం, చేతికి పెట్టుకున్నట్టు చేతికే తెలియనంత పల్చన. వెండిరంగు డయలు, దాని మీద నారబట్ట నేసినట్టు నిలువు పోగూ అడ్డపోగూ, వెలుతురు ఒక పక్కనుంచి పడితే నిలువు పోగు లేస్తుంది, చెయ్యి కాస్త తిరిగితే అది పడుకుని అడ్డపోగు లేస్తుంది. అంకెలు లేవు, అంకెల చోట సన్నటి గీతలు. సెకన్ల ముల్లు లేదు, పెద్దింటి వాచీలకి అంత కంగారుండదు. ఉన్న రెండు ముళ్ళూ సూదుల్లా ఉన్నాయి, ఇంతే కావాలి అని తెలిసినవాడెవడో పెట్టినట్టు. పెద్దమనిషి కప్పు అందుకుని వెనక్కి వాలాడు, చేతిమడత ముందుకి జారింది, వాచీ మునిగిపోయింది, షావుకారు ప్రాణం సగం దానితోనే మునిగింది.

వాచీల మాట ఎత్తనని పొద్దున్నే కూతురికి మాట ఇచ్చాడు. మాట ఇవ్వడమంటే ఆ పిల్ల ఇప్పించుకుంది, చెయ్యి పట్టుకుని, కుర్చీలో కూచోబెట్టి, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "నాన్నా, అబ్బాయి వాళ్ళమ్మకి మన సంబంధం అంత ఇష్టంగా లేదు. ఒక్కసారి వచ్చి చూస్తానంది, అంతే. నువ్వు వాచీల గురించి ఒక్క ముక్క మాట్లాడావంటే ఇంక నేను నీ మొహం చూడను." "నేనెందుకు మాట్లాడతానే?" అన్నాడాయన. "నువ్వా? పరామర్శకి వెళ్ళి పోయినాయన వాచీ ఎక్కడుందని అడిగిన మనిషివి నువ్వు." అది నిజమే గానీ చెప్పినంత ఘోరంగా ఏమీ అడగలేదు. ముందు ఏడ్చాడు, మనస్ఫూర్తిగానే ఏడ్చాడు, ఆ తర్వాతే అడిగాడు. పోయినాయన వాచీ డయలు చేప పొలుసులా ఉండేది, దాన్ని వాళ్ళు ఏ సొరుగులోనో తేమలో పడేస్తారేమోనని బాధ. మనిషిని ఎలాగూ కాపాడలేకపోయారు, వాచీనైనా కాపాడుకోవద్దా? ఇంతకీ కూతురు అక్కడితో ఆగలేదు, ఆయన ముంజేతికున్న వాచీ కూడా విప్పించి లోపల పెట్టేసింది. ఇప్పుడు ఆ ముంజెయ్యి తెల్లగా, చల్లగా, పదిమందిలో చొక్కా లేకుండా కూచున్నట్టుంది. ఆయన దాన్ని రెండో చేత్తో కప్పుకున్నాడు.

"మా వాడికి చిన్నప్పట్నుంచీ ఇంట్లో అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి" అంటోంది అబ్బాయి తల్లి, సోఫా కొసన నిటారుగా కూచుని. ఆమె చీరకి ముడత లేదు, మాటకీ లేదు. "ఎక్కడి వస్తువు అక్కడుండాలి. ఎప్పటి పని అప్పుడవ్వాలి." "మా అమ్మాయీ అంతే వదినగారూ" అంది షావుకారు భార్య, వంటింట్లో స్టవ్వు మీద ఏదో మాడుతున్న వాసన వస్తుండగా. అబ్బాయి పళ్ళ డాక్టరు, నెమ్మదస్తుడు, ఎవరు నవ్వినా ముందు పళ్ళు చూసి తర్వాత తను నవ్వుతున్నాడు, ఆ లెక్కన మనవాడే అనిపించింది షావుకారుకి. అతని తండ్రి నీటి సరఫరా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, పంపులూ పైపులూ చూసి చూసి మాట తగ్గిపోయినట్టుంది, వచ్చిన దగ్గర్నుంచి 'ఊఁ' అన్నదే ఎక్కువ. ఆ 'ఊఁ' అన్నప్పుడల్లా చెయ్యి కాస్త కదులుతోంది. కదిలినప్పుడల్లా చేతిమడత. తగ్గు, ఇంకాస్త తగ్గు, అదిగో. నేత కనపడింది. ఈ నేతని షావుకారు ఇంతకుముందు ఒక్కచోటే చూశాడు, మొదట పనికి చేరిన కొట్లో, యజమాని చేతికి. ఆ పెద్ద షావుకారు బేరం సాగినంత సేపూ నోరు మెదిపేవాడు కాదు, ఎదుటివాడు ఇంకా గుంజుతుంటే చేతిమడత మెల్లిగా వెనక్కి తోసి, వాచీ వంక ఒక్క చూపు చూసి, మళ్ళీ సర్దుకునేవాడు. అంతే, ధర దిగొచ్చేది. 'నా టైముకున్న విలువ నీ సరుక్కి లేదు' అని ఆ చూపుకర్థం. షావుకారు ఆ విద్యంతా నేర్చుకున్నాడు, ఆ చూపుతోనే సొంత కొట్టు పెట్టాడు, బటన్ల కంపెనీల వాళ్ళని ఎంతమందినో కిందికి దించాడు. చూపొచ్చింది గానీ వాచీ రాలేదు. ఆ యజమాని పోయాక కొడుకులు దాన్ని ఎవరికో ఇచ్చేశారని విన్నరోజు అన్నం సయించలేదు. ఇంట్లో వాళ్ళు పెద్దాయన పోయినందుకనుకున్నారు. ఆయన కాదనలేదు.

దాని లోటు తీర్చడానికే మిగతావన్నీ చేరాయి. ఎన్ని చేరాయన్నది భార్యకి చెప్పిన లెక్కొకటి, అసలు లెక్కొకటి, రెండూ ఎప్పుడూ ఎదురుపడకుండా చూసుకోవడమే సంసారం. గుండీల నమూనాలు పెట్టుకునే మఖమలు అడుగున్న చెక్క పెట్టెలోనే వాచీలూ ఉంటాయి, గుండీలకి ఒక్కో గడి ఉన్నట్టే వీటికీ ఒక్కో గడి. ఒకటి సన్నటి ఇసక పోసినట్టు, ఒకటి వాన చినుకు పడ్డ నీటి వలయాల్లా, ఒకటి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టినట్టు. నున్నటి డయలంటే ఆయనకి పడదు. నున్నటిది ఒక్కసారి చూస్తే అయిపోతుంది, గరుకుది పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటుంది, ఎన్నాళ్ళు చూసినా బాకీ తీరదు. అయితే కీ ఇవ్వడానికి వేళ్ళు కావాలి. గుండీలకి గుడ్డ తొడిగే అచ్చులో బొటనవేలు నలిగిన ఏడాదినుంచి ఆయన కుడిచేతికి పట్టు లేదు, కీ తిప్పే మర మీద వేలు జారిపోతుంది. అప్పట్నుంచి ఆ పని కూతురిది. జడలు వేసుకునే వయసులో మొదలుపెట్టింది, పొద్దున్నే పళ్ళు తోముకోగానే పెట్టె ముందు కూచునేది, ఒక్కోటీ తీసి చెవి దగ్గర పెట్టుకుని తిప్పేది. "నాన్నా, ఇది ఇంక చాలంటోంది." ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పలేదు, వేలికే తెలిసిపోయింది. పేర్లు కూడా ఆ పిల్లే పెట్టింది. ముడతల డయలుది బామ్మ. ముందుకి పరిగెత్తేది మేనత్త. ఎంత కీ ఇచ్చినా మధ్యాన్నానికల్లా వెనకబడేది మావయ్య, అంటే షావుకారు భార్య తమ్ముడు, ఏ పెళ్ళికైనా భోజనాల వేళకి తప్ప రాని మనిషి. కళ్ళద్దాల షాపులో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం వచ్చాక కూడా ఆ పిల్ల బస్సు పట్టుకునే ముందు పెట్టె తెరవకుండా వెళ్ళిన రోజు లేదు. ఇంతమందికి కీ ఇచ్చి లేపి, ఇంటాయన్ని లేపి, అప్పుడు వెళ్ళేది. ఏమిటీ, పెద్దమనిషి చెయ్యి మళ్ళీ బిస్కట్ల వైపు వస్తోంది. తీసుకోండి బావగారూ, రెండు తీసుకోండి, మెల్లిగా తీసుకోండి.

"అన్నయ్యగారికేదో పనున్నట్టుంది."

అబ్బాయి తల్లి అన్నమాట అది. గది చప్పున చల్లబడింది. షావుకారు తలెత్తితే అందరూ ఆయన్నే చూస్తున్నారు, ఆయనొక్కడే ఆవిడ భర్త ముంజేతిని చూస్తున్నాడు. "లేదు లేదు, పనేమీ..." "పర్లేదండీ. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మీ చూపు మావారి వాచీ మీదే ఉంది. మా రాక మీకు ఇబ్బందైతే చెప్పండి, లేచి వెళ్తాం. దాపరికం దేనికి?" నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇన్నాళ్ళూ ఏ చూపుతో బేరాలు గెలిచాడో ఆ చూపునే, కొనే ఉద్దేశం తప్ప ఇంకేదీ లేకుండా, పెళ్ళివారి మీద ప్రయోగించాడు, అదీ వాళ్ళ సొంత వాచీతో. తలుపు పక్కన నిలబడ్డ కూతురు కళ్ళు మూసుకుంది. పక్కనుంచి భార్య ఆయన తొడ మీద గిల్లింది, గిల్లడంలో ఆవిడది పెద్ద చెయ్యి. ఏదో ఒకటి అనాలి, ఏమనాలి, గుండీ గురించి చెబితే? 'మీ చేతి గుండీ చూస్తున్నానమ్మా, మారిస్తే బావుండు' అంటే ఇంకో తగాదా. "టైము చూశానంతే వదినగారూ" అన్నాడు, అనగానే నాలిక్కరుచుకున్నాడు. "అదే నేనూ అంటున్నది" అంది ఆవిడ. "ఇంతకీ ఎంతయిందేం? ఇంతసేపు చూశారుగా."

ఎంతయింది? షావుకారుకి తెలియదు. వాచీలు పోగుచేసే వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది, వాచీ చూస్తారు, టైము చూడరు. పోగు చూశాడు, గీతలు చూశాడు, అద్దం అంచున వంపు చూశాడు, ముళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో చూశాడు, అవి ఎక్కడున్నాయో మాత్రం చూడలేదు. పెద్దమనిషి పాపం సాయం చేద్దామని చెయ్యి ఆయన ముందుకి చాచాడు. షావుకారు గబుక్కున చూసి, చూసింది చూసినట్టు చెప్పేశాడు.

"ఏడుంపావు."

కిటికీలోంచి ఎండ నేల మీద పరుచుకుని ఉంది. వీధిలో బడిపిల్లలు భోజనాల విరామానికి కేకలు పెడుతున్నారు. పళ్ళ డాక్టరు పెదాలు బిగించుకున్నాడు, నవ్వాపుకుంటున్నాడో, తన బతుకు తెల్లారిందనుకుంటున్నాడో తెలియలేదు. అప్పుడు మాట్లాడాడు పెద్దమనిషి, వచ్చాక మొదటిసారి 'ఊఁ' కాకుండా. "తప్పు మీది కాదు బావగారూ. అది నడవదు." చేతిమడత తనే పూర్తిగా పైకి తోశాడు, సిగ్గుపడుతూ, ఏదో దెబ్బ చూపించినట్టు. "మా నాన్నగారిది. రోజూ ఆయనే కీ ఇచ్చుకునేవారు. చిన్నప్పుడు నేనోసారి చెయ్యి పెట్టబోతే, ఆ కీ ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతానన్నారు. ఆయన పోయిన రోజు ఇది నడుస్తూనే ఉంది. మర్నాడు ఆగిపోయింది. అంతే." "అంతే అంటే?" అన్నాడు షావుకారు. "అంతే. నేను ముట్టుకోలేదు. ధైర్యం చాల్లేదు." రిటైరైన మనిషి, ఊరి నీళ్ళన్నిటికీ మరలు తిప్పినవాడు, గోరంత మర తిప్పడానికి ఇంకా తండ్రికి జడుస్తున్నాడు. "మంచి పనికి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటాను. ఆయన తోడొచ్చినట్టుంటుందని." "ఎవరికైనా ఇచ్చేయండీ, పని చెయ్యని వస్తువు ఇంట్లో దేనికీ అని చెబుతూనే ఉంటా, వినరు" అంది ఆవిడ. ఆయన భార్య వైపు చూసి, షావుకారు వైపు చూసి, ఇరుకున పడ్డ మనిషి పెట్టే నవ్వొకటి పెట్టి బెల్టు విప్పడం మొదలుపెట్టాడు. "నిజమేలే. మీకంత నచ్చినట్టుంది, మీరే ఉంచుకోండి బావగారూ. పాడైపోయిన వాచీ, ఏం చేసుకుంటారో మరి."

బెల్టు వెచ్చగా ఉంది. వాచీ షావుకారు అరచేతిలో ఉంది. ఎన్ని ఊళ్ళు తిరిగాడు ఇలాంటిదాని కోసం, ఎన్ని కొట్లలో అక్కర్లేనట్టు నటిస్తూ అడిగాడు, ఇప్పుడది నడిచొచ్చి, తన ఇంట్లో, తన బిస్కట్లు తిని, తన చేతిలోనే కూచుంది. పాడైపోయింది అంటున్నాడు ఇచ్చేవాడు. పాడవ్వలేదని తెలిసినవాడు తీసుకునేవాడు. జీవితంలో ఇంతకంటే మంచి బేరం తగలదు, నోరు తెరవకుండా జేబులో వేసుకుంటే సరి, అయ్యో అలాగే బావగారూ, మీ గుర్తుగా ఉంచుకుంటాను, ఏ రెండేళ్ళకో అనుకోకుండా బాగయిందని చెప్పుకోవచ్చు. కూతురు చూస్తోంది. ఆ పిల్లకి మొత్తం తెలుసు, వాచీ ఏమిటో తెలుసు, అది బతికే ఉందని ఇక్కణ్ణించే తెలుసు, నాన్న లోపల ఏ లెక్క నడుస్తోందో అంతకన్నా బాగా తెలుసు. ఏమీ అనడం లేదు. అంటే బావుండేది, అన్నదానికి తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. పెద్దమనిషి ఖాళీ ముంజేతిని రెండో చేత్తో కప్పుకున్నాడు. ఆ పని షావుకారు చూశాడు. ఇందాక తను చేసిన పనే అది, అచ్చం అలాగే, అదే వేలితో మణికట్టు నిమురుతూ. వాచీ తీసేసిన చోటు ఎంత చల్లగా ఉంటుందో తనకి తెలుసు. ఛీ, ఆ వెధవ చేతిని తనెందుకు చూడాలి, కళ్ళు మూసుకుని ఉండాల్సింది. బొటనవేలు దానంతటదే మర మీదికి పోయింది. నలిగిన వేలు, జారిపోయింది. ఇంకోసారి పోయింది. ఇంకోసారి జారింది.

"అమ్మాయీ" అన్నాడు. "ఇలా రా."

కూతురు వచ్చి ఆయన పక్కన నేల మీద కూచుంది, చిన్నప్పుడు పెట్టె ముందు కూచున్నట్టే. వాచీ అందుకుంది, చెవి దగ్గర పెట్టుకుంది, పెద్దమనిషి వంక చూసి, "తిప్పనా అంకుల్?" అంది. ఆయన తల ఊపాడు గానీ, ఎక్కణ్ణించో ఎవరో కేకేస్తారేమోనని తలుపు వైపు ఒకసారి చూశాడు. తిప్పింది. గదిలో ఆ చిన్న చక్రాల పళ్ళ చప్పుడు, కరకరమని, అందరూ విన్నారు. ఒక దగ్గర ఆగింది. "చాలంటోంది" అంది కూతురు. అరచేతిలో కాస్త అటూ ఇటూ కదిపింది, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది, ఏమీ అనకుండా లేచి వెళ్ళి పెద్దమనిషి చెవి దగ్గర పెట్టింది. ఆయన మొహం ముందు ఖాళీగా ఉంది. తర్వాత ఖాళీగా లేదు. "ఏమే," అన్నాడు భార్యతో, "మా నాన్నే." నిటారుగా కూచున్నావిడ సోఫా కొసనుంచి లేచి, భర్త తలకి తల ఆనించి, తనూ విన్నది. పళ్ళ డాక్టరు మోకాళ్ళ మీద వంగి తనూ విన్నాడు. ఒక్క వాచీకి నలుగురు చెవులొగ్గి గుమిగూడితే వాళ్ళలో తన కూతురు కూడా ఉంది, షావుకారు సోఫాలో ఇవతల ఒక్కడే ఉన్నాడు.

"మరి రేపు ఆగిపోతుందిగా?" అన్నాడు పెద్దమనిషి, చేతికి కట్టించుకుంటూ. "రోజూ పొద్దున్నే ఇవ్వాలి" అన్నాడు షావుకారు. "అమ్మో, నా వల్ల కాదు బావగారూ." "మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు" అంది ఆవిడ, కానీ ఆ మాట అంటూ చూసింది అమ్మాయి వేళ్ళ వైపు, ఎక్కడి వస్తువు అక్కడుండాలని పట్టుపట్టే మనిషి, ఏ వస్తువు ఎక్కడుండాలో అప్పుడే లెక్క వేసుకున్నట్టు. షావుకారుకి ఆ చూపు తెలుసు. నచ్చిన సరుకు నచ్చలేదన్నట్టు చూసే చూపు కాదది, దాచుకోవడం చేతకాక తెలిసిపోయిన చూపు. "ఎందుకు రాదు వదినగారూ," అన్నాడు, "మా అమ్మాయి వస్తుందిగా." అన్నాక తెలిసింది ఏమన్నాడో. వాచీ వదిలేశాడు, వాచీతో పాటు కీ ఇచ్చే చెయ్యి కూడా కట్టబెట్టాడు, ఇంత తెలివితక్కువ బేరం ఆయన పుట్టాక చెయ్యలేదు. "టైము కూడా సరిచేస్తానుండండి మావయ్యగారూ" అంది కూతురు, అంకుల్ ఎప్పుడు పోయాడో మావయ్యగారు ఎప్పుడొచ్చాడో. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా. నాన్నగారు ఆపిన చోటునుంచే నడవనీ." ఇంక వాళ్ళు లేచారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆయన చేతిమడత మెల్లిగా వెనక్కి తోసి, వాచీ వంక చూసి, నిండుగా, గొప్పగా, నలుగురూ వినేలా అన్నాడు: "ఏడున్నర కావొస్తోంది. వెళ్ళొస్తాం బావగారూ." నెత్తి మీద ఎండ మండిపోతోంది. తప్పు టైము చెబుతున్న వాచీని చూసి ఊరుకోవడం షావుకారు వల్ల అయ్యే పని కాదు, నాలిక చివరిదాకా వచ్చింది, పక్కన కూతురు ఆయన చొక్కా చెయ్యి లాగింది. "ఊరుకో నాన్నా. నేను వెళ్ళాక సరిచేస్తాలే."

వెళ్ళాక. ఆటో వీధి మలుపు తిరిగింది, పిల్ల మేడ మీదికి పరిగెత్తింది ఫోను పట్టుకుని, ఆయన లోపలికొచ్చి గుండీల పెట్టె తెరుచుకుని కూచున్నాడు. ఇవాళ హడావుడిలో ఎవరికీ కీ ఇవ్వలేదు. బామ్మ ఇంకా కొట్టుకుంటోంది, మేనత్త సరే సరి, మావయ్య ఎప్పుడో ఆగిపోయాడు. తీసి బొటనవేలు ఆనించాడు, జారింది. చొక్కా కొసతో పట్టుకుని తిప్పాడు, జారింది. రేపటినుంచి కాదులే, ఇంకా మాటలున్నాయి, ముహూర్తాలున్నాయి, ఎంత లేదన్నా కొన్ని నెలలున్నాయి. కొన్ని నెలల పొద్దుటి పూటలు. భార్య మాడిన గిన్నె పట్టుకుని వచ్చి, కాసేపు గుమ్మంలో నిలబడి, గిన్నె కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. ఆయన రెండో చేత్తో పెట్టె మూత దింపబోయాడు, అసలు లెక్క బయటపడుతుందని. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు, పక్కన చతికిలపడి ఆయన చేతిలోంచి వాచీ లాక్కుంది.

"ఎటు తిప్పాలి?"

"ముందుకి. నెమ్మదిగా తిప్పు, ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది. అయ్యో అంత బలం పెట్టకు, అది మీ తమ్ముడు."

"వాడికి నెమ్మదిగా చెబితే ఎప్పుడు కదిలాడు గనక" అంది ఆవిడ, ఇంకోసారి తిప్పింది.